పన్నెండో చీటీ

గత వారం మనం సున్నివను గ్రున్‌వోగ్ సభామందిరం మెట్ల మీద, బూట్లకు అంటిన మంచు దులుపుకుంటూ ఉండగా విడిచివచ్చాము. ఆమె పట్నంలో విశ్వవిద్యాలయపు చదువు చదువుతున్నదని, ఆదివారాలు మాత్రం ఊరి పిల్లల కోసం వచ్చిపోతున్నదని ఉత్తర నార్వే తీరాన ఉన్న ఆ చిన్న ఊరు నమ్ముతున్నది. జనవరి నుంచి ఆమె, ఆమె మిత్రుడు ఐవిన్, ఇద్దరూ ఇరవై ఏళ్ళవారే, పదకొండు మంది బడిపిల్లలను చేపల కొట్టు వెనుక గదిలో కూర్చోబెట్టి, పదహారో ఏట ఇల్లు విడిచి, సముద్రపు పాయ దాటి పై చదువుకు వెళ్ళడానికి ధైర్యం చెబుతున్నారు. ఎవరి జీతమూ లేదు, ఎవరి ఆజ్ఞా లేదు. "మిమ్మల్ని ఆపుతున్నదేమిటో రాయండి, పేరు అక్కర్లేదు" అని అడిగిన రోజున కాగితాలు కనబడక, పిల్లలు తమ జేబుల్లోని అట్ట చీటీల మీదే రాశారు. తొలుత ఎవరూ కదలకపోతే సున్నివ కూడా తన పాత వానకోటు జేబులో మిగిలిన ఒక చీటీ మీద ఏదో రాసి అందరికంటే ముందు డబ్బాలో వేసింది. ఆ పన్నెండు చీటీలతో రేకు డబ్బా మూసి, వలలకు చుట్టే నల్ల టేపు చుట్టి, జూన్ నెల పండుగ మంటలో డబ్బాను అలాగే వేసేద్దామని, అంతవరకు ఎవ్వరూ తెరవరని ఆమె మాట ఇచ్చింది. డబ్బా నానమ్మ ఇంట్లో బీరువా మీద చేరింది. ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరి రోజు. పై చదువుకు దరఖాస్తు పెట్టుకోవడానికి రేపటితో గడువు తీరిపోతుంది. ఈ మధ్యాహ్నమే, ఊరి బడిలో పై మూడు తరగతులను మూసివేయాలన్న ప్రతిపాదన మీద ఊరివారి మాట వినడానికి జిల్లా కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు.

సున్నివ తలుపు తోసుకొని లోపలికి వెళ్ళేసరికి సభ మొదలై పది నిమిషాలైంది. నలభై మందికి పైగా కూర్చున్నారు. తడిసిన ఉన్ని చొక్కాల వాసన, వాఫుల్ అట్ల పెనం మీది వెన్న వాసన, కాఫీ వాసన కలిసి గదినంతా పట్టుకొని ఉన్నాయి. ముందు వరుసలో, ఎప్పటివలెనే, ఆమె నానమ్మ పెట్రా వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నది. ఆ బడిలో ముప్ఫై ఆరేళ్ళు పాఠం చెప్పిన మనిషి. పదవీ విరమణ చేసి పన్నెండేళ్ళు దాటినా గదిలోని సగం మంది ఆమె ఎదుట ఇప్పటికీ చేతులు జేబుల్లో పెట్టుకోరు.

అధికారి పేరు స్టైనార్. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మెత్తని గొంతు. తెర మీద అంకెల పటాలు వేసి, మర్యాదగా, తొందరపడకుండా మాట్లాడుతున్నాడు.

"నాయనా, నీ గీతలు బాగున్నాయి గానీ ఈ కెటిల్ ఖాళీ అయ్యేలోపు ముగించు. ఇంకో కెటిల్ పెట్టే ఓపిక నాకు లేదు," అన్నది వాఫుల్ పెనం దగ్గర నిలబడిన ముసలి హల్దిస్.

జనం నవ్వారు. స్టైనార్ కూడా నవ్వాడు.

"రెండే నిమిషాలమ్మా. ఇంతసేపూ నేను చెప్పాను. ఇప్పుడు మీ పిల్లలే చెబుతారు, వినండి."

సున్నివ కుర్చీ వెతుక్కోవడం మానేసి నిలబడిపోయింది.

"ఇక్కడి యువకులు సొంతంగా నడుపుతున్న ఆదివారపు తరగతుల్లో పదకొండు మంది పిల్లలు తమ మనసులోని మాట రాశారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, ఎవరూ కంగారుపడొద్దు. ఈ పిల్లలకి చదువంటే ఇష్టం ఉంది. కానీ ఒంటరితనం ఉంది. తోటివాళ్ళు లేరు. పదమూడో ఏటి నుంచే పెద్ద బడికి అలవాటు పడితే, పదహారో ఏట భయం ఉండదు. ఇది నా మాట కాదు, వాళ్ళ మాట." ఆయన మీట నొక్కాడు.

తెర మీద ఒక చీటీ కనబడింది. చీటీలోని మాటలను కాదు, ఆ చీటీనే, మైనం పూసిన ఆ అట్టముక్కనే, గోడంత పెద్దది చేసి చూపించారు.

ఒక్కసారిగా గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో స్టైనార్‌కు తెలియదు. చలికాలంలో కాడ్ చేపలు ఒడ్డుకు వచ్చే ఈ మూడు నెలలూ గ్రున్‌వోగ్ పిల్లలు బడి వదలగానే చేపల కొట్టుకు పరుగెత్తి, కోసి పడేసిన తలలను ఇనుప మేకుకు గుచ్చి, నాలుకలు కోసి అమ్మకానికి సంచులకెత్తుతారు. ఏ సంచి ఎవరిదో తెలియడానికి చీటీ కడతారు. తడి చేతులతో రాసిన పేరు నిలవదు కనుక చీటీ అంచున కత్తెరతో తమ ఇంటి గుర్తు కోస్తారు. వాళ్ళ ముత్తాతలు తెడ్ల మీద, వలల తేలుడు చెక్కల మీద చెక్కుకున్న గుర్తులే అవి. ఏ ఇంటికి ఏ కోత అన్నది ఆ ఊళ్ళో అక్షరాలు రాని పసిపిల్లలు కూడా చెబుతారు. పేరు రాయవద్దని సున్నివ పిల్లలకు గట్టిగా చెప్పింది. అక్షరాలు మార్చి రాయమని కూడా చెప్పింది. చీటీ అంచుల సంగతి ఆమెకు తోచనే లేదు. పుట్టిన నాటి నుంచి రోజూ కళ్ళ ముందు ఉన్నది ఆ ఒక్క గడియలో కళ్ళకు కనబడకపోవడం కంటే వింత ఏముంటుంది!

మొదటి చీటీ కుడి అంచున ఒక గుండ్రని కొరుకుడు. పోస్టు పడవ నడిపేవారి ఇంటి గుర్తు. 'నాకు లెక్కలు రావని పట్నంలో నవ్వుతారు' అని ఉన్నది. ఆ ఇంటి తల్లి ఒళ్ళోని చేతిసంచిని గట్టిగా పట్టుకున్నది. రెండో చీటీ మూల ఏటవాలుగా తెగి ఉన్నది. అది హల్దిస్ మనవడిది. హల్దిస్ పెనం మీది వాఫుల్ తీయడం మరచిపోయింది. మాడు వాసన వచ్చింది.

సున్నివ గుండెలో అప్పుడు రెండు భయాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటిలో ఒకటి మాత్రమే పిల్లల కోసం. పన్నెండో చీటీ కూడా ఆ గోడ మీదికి వస్తుందా అన్నది రెండోది.

మూడో చీటీ వచ్చింది. పై మూలన రెండు వాలు కోతలు, మధ్య ఒక రంధ్రం. స్టైనార్ దాన్ని తానే చదివాడు. పాపం, ఆయన చక్కగా, భావయుక్తంగా చదివాడు.

"'నాకు వెళ్ళాలని ఉంది. కానీ అమ్మ వెళ్ళిపోయిన ఏడాదంతా నాన్న పొద్దున్నే రెండు కప్పులు పెట్టి, తాగని కప్పు కూడా కడిగేవాడు. నేను కూడా వెళ్తే ఆయన మూడు కప్పులు కడుగుతాడు. అందుకే నేను దరఖాస్తు పెట్టను.'"

ఆ చీటీ ఎవరిదో తెలుసుకోవడానికి ఎవరూ తల తిప్పి చూడలేదు. అంతకంటే ఘోరమైనది జరిగింది. అందరూ తలలు దించుకున్నారు.

వెనుక గోడకు ఆనుకొని ఆర్నుల్ఫ్ నిలబడి ఉన్నాడు. ఒంటరిగా పడవ నడిపే మనిషి. అవసరమైన మాటలు కూడా పొదుపుగా వాడే మనిషి. అతని పక్కన అతని కూతురు యూరిద్, పదిహేనేళ్ళది, ముఖం తెల్లగా పాలిపోయి నిలబడి ఉన్నది. ఆర్నుల్ఫ్ చేతిలోని కప్పును కిటికీ గట్టు మీద, శబ్దం కాకుండా, జాగ్రత్తగా పెట్టాడు.

"ఏమయ్యా పట్నం బాబూ," అన్నాడు. "అవును, కడిగాను. సబ్బుతోనే కడిగాను. ఇంకా ఏమైనా తెలుసుకోవాలా నీకు? మా ఇంట్లో పక్కదుప్పట్లు ఎన్ని ఉన్నాయో చెప్పమంటావా?"

"క్షమించండి, నాకు... వీటి మీద పేర్లు లేవు కదా..."

"పేర్లు లేవట!" హల్దిస్ అంది, మాడిన వాఫుల్‌ను చెత్తబుట్టలో పడేస్తూ. "గోడ మీద మా ఇంటి ముక్కూ మొహమూ వేసి చూపించి పేర్లు లేవంటాడు."

ఆర్నుల్ఫ్ టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు. తలుపు కూడా మెల్లగానే వేశాడు. యూరిద్ తండ్రి వెంట పోలేదు. బెంచీల మధ్య నుంచి నేరుగా సున్నివ ముందుకు వచ్చి ఆగింది.

"మంటలో వేద్దామన్నావు."

"యూరిద్, నేను ఇవ్వలేదు. ఒట్టు. నాకు అసలు..."

"తెరవనని నువ్వే అన్నావు. ఎవరు తెరిచారని నిన్ను అడగట్లేదు. నువ్వు అన్నావు, అంతే." ఆ పిల్ల గొంతు పెంచలేదు, తండ్రి పోలికే. "పై ఊళ్ళలో అందరూ ఎంత మంచోళ్ళో చెప్పావు కదా. రేపు నా పక్కన కూర్చుని ఫారం నింపిస్తానన్నావు కదా. నీకా శ్రమ తప్పింది, పో."

వెళ్ళేటప్పుడు ఆమె దారిలో ఎవరినీ తాకకుండా పక్కకు ఒదిగి వెళ్ళింది. మిగిలిన పిల్లలు, ఒకరి తరువాత ఒకరు, సున్నివ వైపు చూడకుండా తమ తమ తల్లిదండ్రుల దగ్గరికి చేరారు. ఎనిమిది ఆదివారాలు పట్టి కూడబెట్టుకున్న నమ్మకం ఆ గదిలో కరిగిపోవడానికి ఒక కెటిల్ కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

కోట్లు తగిలించే వసారాలో ఐవిన్ దొరికాడు. జిల్లా కార్యాలయానికి గత వారం వెళ్ళి వచ్చినవాడు అతనొక్కడే. తమ ఆదివారపు తరగతులను ఇంకా ఆరు ఊళ్ళలో పెట్టుకోవడానికి బడి గదులు అడగడానికని వెళ్ళాడు. తమ ఇంటి బయటివారిలో డబ్బా ఎక్కడుందో అతనికి తప్ప తెలియదు. సున్నివ మనసు ఆ రెండు ముక్కలనూ అతికించడానికి రెండు క్షణాలు కూడా తీసుకోలేదు.

"ఎంతకి అమ్మావు? ఆరు ఊళ్ళకా?"

"ఏంటి?"

"నటించకు. ఆరు ఊళ్ళలో గదులిస్తామన్నారు, నువ్వు ఈ ఊళ్ళో పదకొండు మందిని వాళ్ళ చేతిలో పెట్టావు. మా ఇంట్లో అన్నం తిని, మా బీరువా మీంచే దించావు."

ఐవిన్ ఆమె వంక చూశాడు. అతనిది నవ్వు ముఖం. ఇప్పుడు దాని మీద నవ్వు ఎక్కడ ఉండేదో ఆ చోటు మాత్రం ఉన్నది.

"అడగొచ్చు కదా," అన్నాడు. "'నువ్వేనా?' అని. ఒక్క మాట. ఎనిమిదేళ్ళ నుంచి తెలుసు నీకు నేను. అడగడానికి కూడా పనికిరానా?"

"మరి ఎవరు?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. తెర మీది మూడో చీటీని ఫొటో తీసి ఉంచాడు. రెండు వేళ్ళతో దాని అంచును పెద్దది చేసి ఆమె ముఖం ముందు పెట్టాడు. చీటీ కింద కనబడుతున్నది బల్ల మీద పరిచే మైనపు గుడ్డ. తెల్లని నేల మీద ఎర్రని అడవి పండ్ల గుత్తులు. ఒక గుత్తి మీదుగా, కాలిన గోధుమరంగు వలయం ఒకటి, కాఫీ కెటిల్ అడుగంత.

"ఆ మచ్చ నాకు బాగా తెలుసు," అన్నాడు ఐవిన్. "ఎవరికీ కనబడకూడదని మీ నానమ్మ ఎప్పుడూ నా ప్లేటు దాని మీదే పెడుతుంది. నేనేమీ అనను, తింటాను."

సున్నివకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమైన తరువాత, అర్థం కాకుండా ఉంటే బాగుండునని తోచింది. స్టైనార్ 'పదకొండు మంది' అన్నాడు. డబ్బాలో పన్నెండు చీటీలు ఉన్నాయి. ఎవరో ఒకటి తీసి పక్కన పెట్టి, మిగిలినవే పంపారు. ఐవిన్ అయితే ఆ ఒక్కదాన్ని ఎందుకు దాస్తాడు?

"ఐవిన్..."

"ఇప్పుడు కాదు." అతను మఫ్లరు చుట్టుకున్నాడు. "ఇప్పుడు మాట్లాడితే నేను కూడా నీలాగే మాట్లాడతాను."

ఆమె సభ గదిలోకి తొంగి చూసింది. ముందు వరుసలో కుర్చీ ఖాళీగా ఉన్నది. సాసరు మీద కప్పు బోర్లించి ఉన్నది. ముగించిన పనిని ముగించినట్టు కనబడేలా ఉంచడం పెట్రాకు అలవాటు.

నానమ్మ ఇంటికి వెళ్ళే దారి కొండవాలున, బడి పక్కగా పోతుంది. నాలుగున్నర గంటల నీలి వెలుగులో బడి కిటికీలకు పిల్లలు అతికించిన కాగితపు చేపలు కనబడుతున్నాయి. ఆమె చిన్నప్పుడు అతికించినది ఒకటి ఇప్పటికీ అక్కడే ఉన్నది. సున్నివ దాని వైపు చూడలేదు. 'నానమ్మ కాదు. ఎవరో ఇంట్లోకి వచ్చి తీసి ఉంటారు. ఊళ్ళో ఎవరి తలుపుకూ తాళం ఉండదు' అని తనకు తాను చెప్పుకుంటూ నడిచింది. ఎంత దూరం చెప్పుకోవచ్చునో అంత దూరమూ చెప్పుకున్నది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు.

వంటింట్లో దీపం వెలుగుతున్నది. ఎర్రని పండ్ల గుత్తుల మైనపు గుడ్డ మీద రేకు డబ్బా మూత తీసి ఉన్నది. దాని ముందు పదకొండు చీటీలు పరీక్ష కాగితాల వలె మూడు వరుసలుగా పేర్చి ఉన్నాయి. పెట్రా కోటు కూడా విప్పకుండా బల్ల అవతల కూర్చొని ఉన్నది. ఇవతల మనవరాలి కోసం కప్పు, సాసరు పెట్టి ఉంచింది.

"బూట్లు విప్పి రా," అన్నది. "కూర్చో."

"కూర్చోను."

"అయితే నిలబడే విను. ఫొటోలు తీసింది నేనే. పంపింది నేనే. ఆ కుర్రాణ్ణి అనుమానించి ఉంటావు. రేపు వెళ్ళి వాడికి క్షమాపణ చెప్పుకో."

తప్పు చేసినవారి గొంతు అలా ఉంటుందని సున్నివ ఊహించలేదు. ఎక్కడైనా ఒక వణుకు, ఒక తడబాటు ఉంటే ఆమె కోపానికి ఏదైనా ఆసరా దొరికేది.

"ఎందుకు నానమ్మా? అది నీ బడి. ముప్ఫై ఆరేళ్ళు... నువ్వు జ్వరంతో కూడా వెళ్ళేదానివి. దాన్ని మూయించడానికి నువ్వే..."

"నా బడి కాబట్టే. ఎనభై మూడు మంది పిల్లల్ని ఆ రేవు నుంచి పై చదువుకి పంపాను. అందరికీ మంచి మార్కులే. ఇక్కడ తరగతికి ఇద్దరు, ముగ్గురు. పక్కనోడితో పోట్లాడ్డం రాదు, స్నేహం చెయ్యడం రాదు, ఎందుకంటే పక్కన ఎవరూ లేరు. పదహారో ఏట ఒక్కసారిగా అద్దెగదిలో పడేస్తాం. శరత్కాలపు సెలవులకి సగం మంది వెనక్కి. 'ఇంటి మీద బెంగ పెట్టుకున్నారు' అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను, ముప్ఫై ఆరేళ్ళు. నీటిలో దింపకుండా ఈత నేర్పాను సున్నివా. ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి. నేను చెబితే ముసలిదాని చాదస్తం అంటారు. పిల్లలు చెబితే వింటారు."

"పిల్లలు నీకు చెప్పలేదు! నాకు చెప్పారు. నాకు కూడా కాదు, ఆ డబ్బాకి చెప్పారు. ఆర్నుల్ఫ్ మొహం చూశావా నువ్వు? చూడకుండానే వచ్చేశావా?"

పెట్రా బల్ల మీది ఒక చీటీ కొంచెం వంకరగా ఉంటే సరిచేసింది.

"మాటలు మాత్రమే రాసుకోమన్నాను అతనితో. చీటీలు చూపించొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. అతను పట్నంవాడు, అతని కళ్ళకి అది కత్తెర జారిన అట్టముక్క. నాకు తట్టాలి. ఆ గుర్తుల్ని నల్లబల్ల మీద గీసి పిల్లలకి నేర్పినదాన్ని నేనే. నాకే తట్టలేదు." ఆమె తల ఎత్తింది. "ఆర్నుల్ఫ్ ఇంటికి రేపు వెళ్తాను. తలుపు తీస్తే తీస్తాడు."

"రేపు! రేపటికి గడువు అయిపోతుంది. యూరిద్ దరఖాస్తు పెట్టనంది. నీ వల్ల. నా వల్ల. వాళ్ళు నన్ను నమ్మారు నానమ్మా. నువ్వు నాకు ఇచ్చిన మాటే నేను వాళ్ళకి ఇచ్చాను. చిన్నప్పుడు నా డైరీ ఎప్పుడూ తెరవలేదు నువ్వు. ఆ బీరువా మీదే ఉండేది. అందుకే అక్కడ పెట్టాను."

"డైరీ తెరిచి ఉంటే బాగుండేది," అన్నది పెట్రా.

ఆమె మనవరాలి కోసం పెట్టిన కప్పును సాసరుతో సహా పైకెత్తింది. దాని కింద పన్నెండో చీటీ ఉన్నది. పై అంచున మూడు రంపపు పళ్ళ కోత. ఆ ఇంటి గుర్తు. గుమ్మం మీది చెక్కలోనూ, గోడకు వేలాడే పాత తెడ్డు పిడి మీదా ఉన్నది అదే.

సున్నివకు కూర్చోక తప్పలేదు.

"డబ్బా ఎందుకు తెరిచానో అడగలేదు నువ్వు," అన్నది పెట్రా. "బడి కోసం కాదు. క్రిస్మస్‌కి వచ్చినదానివి పుస్తకాల సంచి లేకుండా వచ్చావు. పరీక్షలెలా రాశావంటే వాతావరణం గురించి చెప్పావు. ప్రతి ఆదివారం ఉదయం పడవకి వస్తున్నావు, సోమవారం వెళ్ళడానికి తొందర లేదు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి, పిల్లలతో పాటు నువ్వూ ఒకటి రాశానని సంబరంగా చెప్పావు చూడు, అప్పుడు అనుకున్నాను. నా మనవరాలు నాకు చెప్పనిది ఒక రేకు డబ్బాకి చెప్పిందని. పదిహేను రోజులు ఆ బీరువా వైపు చూడకుండా ఉన్నాను. తర్వాత ఉండలేకపోయాను. నీది ఒక్కటే చదువుదామని తీశాను. అది చదివాక మిగతావి చదవకుండా ఉండటం నా వల్ల కాలేదు. అన్నిట్లోనూ అదే ఉంది పిల్లా. పన్నెండు చేతులు, ఒకటే భయం."

సున్నివ వంగి, ఇంకా కాళ్ళకే ఉన్న బూట్లు విప్పుకున్నది.

"ముప్ఫై ఆరేళ్ళు ఇతరుల పిల్లలకి చదువు చెప్పాను," అన్నది పెట్రా. ఇంతసేపటికి ఆమె గొంతు మొదటిసారి మామూలు ముసలి మనిషి గొంతు అయింది. "నా ఇంట్లో చదువు ఆగిపోయిందని అట్టముక్క చూసి తెలుసుకున్నాను. ద్రోహం అంటావు. అను. నేను చేసింది అదే. కానీ నువ్వు నాకు చేసిందాన్ని ఏమనమంటావో అది కూడా చెప్పు."

అంతలోనే వసారాలో తలుపు తెరుచుకొన్న చప్పుడు, మంచు దులిపిన చప్పుడు, బూట్లు విప్పిన చప్పుడు వరుసగా వినబడ్డాయి. వంటింటి గుమ్మంలో యూరిద్ నిలబడింది. ఉన్ని మేజోళ్ళ కాళ్ళు, ఎర్రబడిన ముక్కు, చంకలో కోటు కింద దాచుకొని తెచ్చిన ల్యాప్‌టాప్.

"నిన్ను క్షమించలేదు," అన్నది వస్తూనే, సున్నివతో. "అది ముందే చెబుతున్నా."

"సరే."

"నాన్న ఇంటికెళ్ళి కాఫీ పెట్టాడు. ఒక్క కప్పే తీశాడు. ఏంటి నాన్నా అన్నాను. 'అలవాటు చేసుకుంటున్నాను' అన్నాడు. అని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు." ఆ పిల్ల ముక్కును ముంజేతితో తుడుచుకున్నది. "తర్వాత, 'రేపే కదా ఆఖరు, వెళ్ళు, ఆ పిల్ల దగ్గరికే వెళ్ళు. అది పట్నం వెళ్ళి నిలబడింది. నిలబడ్డవాళ్ళకే దారి తెలుస్తుంది' అన్నాడు. అందుకొచ్చాను. మా ఇంట్లో సిగ్నల్ కూడా రాదు."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి చోటు వెతికింది. పదకొండు చీటీలను చూసి పెదవులు బిగించింది. పెట్రా అప్పుడు, ఎంతో సహజంగా, ఎత్తిన సాసరును మళ్ళీ దించి పన్నెండో చీటీ మీద పెట్టింది. జీవితంలో ఒక్క పరీక్షలోనూ ఎవరినీ చూచి రాయనివ్వని మనిషి ఆమె. మనవరాలి వైపు చూడకుండానే చేసింది.

సున్నివకు ఆ సాసరు అక్కడే ఉంటే ఏమవుతుందో స్పష్టంగా కనబడింది. అరగంటలో ఫారం నిండుతుంది. రేపటి గడువు దాటిపోదు. ఆగస్టులో యూరిద్ పడవెక్కుతుంది. నవంబరులో ఒక అద్దెగదిలో, తన పేరు పెట్టి పిలిచేవారు లేని ఊళ్ళో, ఆ పిల్ల 'సున్నివ నిలబడింది, నేను మాత్రం నిలబడలేకపోతున్నాను' అనుకుంటుంది. సరిగ్గా తాను ఎవరినో తలచుకొని అనుకున్నట్టే.

ఆమె చెయ్యి చాపి సాసరును పక్కకు జరిపింది.

"సున్నివా," అన్నది పెట్రా, చాలా మెల్లగా. వద్దని చెప్పలేదు.

"ఫారం తెరవకముందు ఇది చదువు," అన్నది సున్నివ.

యూరిద్ చూపు ముందు అక్షరాల మీద పడలేదు. ఆ ఊరి పిల్ల కనుక అంచు మీదే పడింది. మూడు రంపపు పళ్ళు. కళ్ళెత్తి, గోడ మీది తెడ్డు వైపు ఒకసారి చూసింది. తరువాత బల్ల మీదికి వంగింది.

చీటీ మీద మూడు వాక్యాలు ఉన్నాయి. 'నవంబరు నుంచి నేను క్లాసులకి వెళ్ళడం లేదు. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.'

రెండో వాక్యం చివర ఆ పిల్ల పెదవులు కదలడం ఆగిపోయింది. ల్యాప్‌టాప్ మూత మీద ఉన్న ఆమె చెయ్యి దాన్ని ఇంకా తెరవలేదు, తీసుకుపోనూ లేదు.